లెక్కపెట్టని ఇరవై

మనిషి ఊపిరికి దొంగలెక్క రాయడం నేను సూర్యాపేటలో నేర్చుకున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, పుస్తకంలో అసలే లేదు. నర్సింగ్ స్కూల్లో చేరిన రెండో నెలలో ఒక సీనియర్ అక్క పక్కన నిలబడి చూశాను. అంతే, వచ్చేసింది. చెడు నేర్చుకోవడానికి ముహూర్తం అక్కర్లేదు కదా!

ఇప్పుడు నేను మిర్యాలగూడలో ఒక దవాఖానలో వార్డు చూసుకుంటున్నాను. నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలూ అదే దొంగలెక్క రాస్తారు. నేను ఇట్టే పట్టేస్తాను. "మేడంకు ఎట్ల తెలుస్తదే?" అని వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకుంటారు. పాము కాళ్ళు పాముకే తెలుస్తాయి పిల్లలూ! ఆ సంగతే ఇక్కడ చెబుతున్నాను.

పని చూడ్డానికి చిన్నది. పొద్దున్నే ట్రే పట్టుకుని మంచం మంచానికీ వెళ్ళాలి. జ్వరం ఎంతుందో, నాడి ఎంత కొట్టుకుంటుందో, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నారో చూసి చార్టులో రాయాలి. జ్వరం సంగతి థర్మామీటరే చెబుతుంది. నాడి వేలికింద కొట్టుకుంటూ తనే పలుకుతుంది. ఊపిరి అట్లా కాదు. ఛాతీ లేచి పడటాన్ని నిమిషంపాటు నోరు మూసుకుని చూస్తూ నిలబడాలి. నాకా, నోరు మూసుకుని నిలబడటమంటే గోడకుర్చీ వేయించినట్టే. మంచాలు ఇరవైపైనే, తొమ్మిదికల్లా డాక్టరుగారి రౌండు. అందుకని అందరం ఇరవై అని రాసేవాళ్ళం. అనుమానం రాకుండా అక్కడొక పద్దెనిమిది, ఇక్కడొక ఇరవై రెండు, పప్పులో తాలింపు వేసినట్టు వేసేవాళ్ళం.

ఈ ఊపిరి లెక్కపెట్టడం కోసమే మా అమ్మ నాకొక వాచీ కొనిపెట్టింది. అమ్మది మిర్యాలగూడలో రైసుమిల్లులో వడ్లు ఆరబోసే పని. స్కూలువాళ్ళిచ్చిన కాగితంలో సెకన్ల ముల్లున్న వాచీ కావాలని రాసి ఉంటే, నాలుగు దుకాణాలు తిరిగి ఎర్ర ముల్లున్నది ఏరి తెచ్చింది. "మా బిడ్డ గడియారం వెట్టి పానం లెక్క సూస్తది" అని మిల్లంతా చెప్పుకుంది. ఆ ఎర్ర ముల్లును నేను మిర్యాలగూడ బస్సు ఎంత ఆలస్యమైందో చూడ్డానికి తప్ప దేనికీ వాడలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తోంది.

అప్పట్లో సూర్యాపేటలో మా వార్డు ఇన్‌చార్జి సిస్టరుది కోదాడ. మాట నెమ్మది, చూపు మాత్రం సూది. మేము చాటుగా ఆమెను 'ఎందుకు సిస్టర్' అనేవాళ్ళం. ఏం చేసినా ఎందుకు అని అడిగేది. ఎందుకు బోర్లా పడుకోబెట్టావు? ఎందుకు నీళ్ళు ఇవ్వలేదు? ఎందుకు ఇచ్చావు? ఇదేం గోలరా దేవుడా, చెప్పిన పని చేస్తే చాలదా అని నాకు ఒళ్ళు మండేది. ఒకసారి చార్టులన్నీ తిరగేసి ఆమె నావైపు చూసింది.

"ఏమ్మాయ్, ఈ వార్డులో వాళ్ళంతా ఒకే తాళానికి ఊపిరి తీస్తున్నారా ఏంటి? భజన చేస్తున్నారా?"

"లెక్కపెట్టిన సిస్టర్" అన్నాను, కళ్ళు ఆర్పకుండా.

"జ్వరం ఎంతో గాజు గొట్టం చెబుతుంది. అది ఎందుకొచ్చిందో ఆలోచించాలనే కదమ్మా ఇక్కడ మనిషిని పెట్టింది!" అని మాత్రం అని వెళ్ళిపోయింది. నేను ఆమె వెనకాల మూతి మూడు వంకర్లు తిప్పాను. పక్కన పిల్లలు కిసుక్కున నవ్వారు.

ఇది జరిగిన కొన్నాళ్ళకు, నేను మూడో సంవత్సరంలో ఉండగా, నాట్లు అయిపోతున్న రోజుల్లో ఒక పొద్దున ఆత్మకూర్ వైపు నుంచి ఒక ఆమెను ఆటోలో తెచ్చారు. నలభై దాటి ఉంటుంది. కాలివేళ్ళ సందుల్లో ఇంకా బురద ఉంది. కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. చీర మీద కల్లు వాసన గుప్పుమంటోంది. వెంట వచ్చింది ఆమె యారాలు, అంటే మరిది భార్య.

"నిన్నటితోటి మా ముఠా నాట్లు ఖతమైనయ్ సిస్టరమ్మా" అంది యారాలు. "ఆఖరి మడి నాటంగనే పటేలమ్మ అందరికి కల్లు పోయించింది. గీమె ఎప్పుడు తాగది. నిన్న అందరం బలిమి జేస్తే రెండు సీసలు తాగింది. పొద్దుగాల లేపితే కడుపుల నొస్తుందన్నది, ఇగ గిట్ల మత్తుల వడ్డది."

మా వైపు ఆఖరి మడి నాటాక పొలం ఆసాములు కూలీలకు కల్లు పోయించడం మామూలే. కల్లులో మత్తుమందు కలిపితే అలవాటు లేనివాళ్ళు పడిపోవడమూ మాకు కొత్త కాదు. ఏటా చూస్తాం. అందుకని ఆమెను చూడగానే ఆటో ఆయన దగ్గర్నుంచి ఆయా వరకు అందరి నోటా ఒకటే మాట, కల్లు మత్తు. నేనూ అదే అనుకున్నాను. జ్వరం చూశాను, లేదు. నాడి చూశాను, బీపీ చూశాను, బాగానే ఉన్నాయి. అప్పటికే రౌండుకు టైమవుతోంది. ఊపిరి గడిలో ఇరవై అని రాసి పక్క మంచానికి పోయాను.

డ్యూటీ డాక్టరు చిన్నవాడు, మంచివాడు. చార్టు చూశాడు. "కల్లు ఎఫెక్టే. బీపీ బాగుంది, ఊపిరి ఇరవై ఉంది, భయం లేదు. సెలైన్ పెట్టి పడుకోనివ్వండి, మధ్యాహ్నానికి లేస్తుంది" అని, కింద ఏదో యాక్సిడెంట్ కేసు వచ్చిందంటే దిగిపోయాడు. నేను రాసిన ఇరవైని ఆయన నమ్మాడు. ఎందుకు నమ్మడు? అది చార్టు.

ఓ అరగంటకు యారాలు కేక పెట్టింది. పరుగెత్తాను. మంచం మీద ఆమెకు నీళ్ళు తాగిస్తే మింగలేదట, సగం పెదవి పక్కనుంచి, సగం ముక్కులోంచి వచ్చాయి. ఆమె దగ్గుతోంది గానీ ఆ దగ్గుకు బలం లేదు.

"మత్తుల ఉన్న మనిషికి నీళ్ళు వొయ్యొచ్చునా? జర ఆగలేవా?" అని యారాలి మీద ఎగిరి పడ్డాను. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. మంచం మీద ఆమెను పక్కకు ఒత్తిగిలించి మూతి తుడుస్తుంటే, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

పట్టు మెత్తగా ఉంది గానీ, వదలడం లేదు. తల వెనక్కి వాల్చి, నుదురు ముడతలు పడేట్టు కనుబొమలు పైకి లాగి, ఆ వాలిన రెప్పల కిందనుంచి సందు చేసుకుని నన్ను చూస్తోంది. పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"కండ్లు... తెర్సుకుంటలెవ్వు... బిడ్డా."

అదీ, ఆ క్షణం! మత్తులో ఉన్న మనుషులను నేను చాలామందిని చూశాను. తట్టి లేపితే కళ్ళు తెరుస్తారు, ఏదో ఒకటి వాగి మళ్ళీ మూసుకుంటారు. కళ్ళు తెరుచుకోవడం లేదని ఎవరూ బాధపడరు. ఈమె తెరవాలని నుదురంతా పెట్టి తంటాలు పడుతోంది. అంటే ఈమె లోపల నిద్రపోవడం లేదు. అన్నీ వింటోంది, అంతా తెలుస్తోంది. రెప్పలే లేవడం లేదు. మరి ఎందుకు? ఎందుకు?

అయ్యో, ఆ 'ఎందుకు' నా నోట్లోంచే వచ్చింది! కోదాడ సిస్టరు నా గొంతులోకి ఎప్పుడు దూరిందో నాకే తెలియదు. రెప్ప లేవలేదు, గుటక పడలేదు, మాట ముద్దయింది, దగ్గుకు బలం లేదు. నాలుగూ వేరువేరుగా చూస్తే కల్లు. నాలుగూ కలిపి చూస్తే, పైనుంచి కిందికి ఒక్కొక్క కండరమూ చచ్చుబడుతోంది. మెడ దాటాక ఏమిటి? ఊపిరి! అప్పుడు చూశాను ఆమె ఛాతీ వైపు, నా జన్మలో మొదటిసారి సరిగ్గా.

నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఎర్ర ముల్లు మీద ఒక కన్ను, ఛాతీ మీద ఒక కన్ను వేసి నిమిషం నిలబడ్డాను. చిన్న చిన్న ఊపిరులు, గొంతు దగ్గరే తిరిగిపోతున్నట్టు. ముప్పై నాలుగు. సిస్టర్ అని అరుచుకుంటూ పరుగెత్తాను.

ఆమె వచ్చింది. పరుగెత్తలేదు గానీ అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె కబురు పెడితే కింద నుంచి డ్యూటీ డాక్టరుగారు కూడా వచ్చారు. నేను గుక్క తిప్పుకోకుండా రెప్పలూ, గుటకా, దగ్గూ అన్నీ చెప్పాను. సిస్టరు నన్ను ఆపలేదు. మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, దిండు మీదనుంచి తల ఎత్తు." తల లేవలేదు. "సరే. ఒక్క ఊపిరి తీసుకుని, మధ్యలో ఆగకుండా లెక్కపెట్టు. నారు కట్టలు లెక్కపెట్టినట్టు. చూడు, నాలాగ." సిస్టరు గడగడా ముప్పై దాకా లెక్కపెట్టి చూపించింది.

ఆమె మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అక్కడ ఊపిరి అయిపోయింది.

యారాలు బిత్తరపోయింది. "గదేంది? గీమె పాట ఎత్తుకుంటే అవుతల గట్టు మీదికి ఇనవడ్తది గద మేడం! నాలుగు కట్టలకే ఆగిందేంది?"

డాక్టరుగారు చార్టు తీసి చూశారు. నుదురు చిట్లించారు. "పొద్దున ఎనిమిదికి ఇరవై ఉంది కదా. వచ్చినప్పుడు బాగానే ఉన్నట్టే. ఆ నీళ్ళే ఊపిరితిత్తుల్లోకి పోయుంటాయి. ముందు ఎక్స్‌రేకి తీసుకెళ్ళండి."

ఎక్స్‌రే గది కింద, వరండా అవతల. ట్రాలీ రావాలి, దించాలి, తియ్యాలి, మళ్ళీ ఎక్కించాలి. ఆయన తప్పుగా ఆలోచించలేదు. నేనిచ్చిన లెక్క నిజమైతే అంతే. నీళ్ళకు ముందు బాగుండి, నీళ్ళ తరవాత చెడితే, తప్పు నీళ్ళదే. నా ఇరవై అబద్ధమైతే మాత్రం కథ వేరు. ఆమె వచ్చేటప్పటికే ఇట్లా ఉంది, ఇంకా దిగజారుతోంది, ఎక్స్‌రేకు పోయే వ్యవధి లేదు.

సిస్టరు నావైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. "నీళ్ళు తాగకముందు ఇరవయ్యేనామ్మా?"

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ తిట్టని రోజు లేదు. అట్లాంటి నోరు ఆ పూట పెగల్లేదు. స్కూలు నుంచి పంపించేస్తారు. మిల్లులో అమ్మ ముఖం ఎట్లా చూపిస్తుంది? అవునంటే చాలు, ఎవరికీ తెలియదు. మంచం మీద ఆమె ఇంకా తల వెనక్కి వాల్చి రెప్పల సందులోంచి నన్నే చూస్తోంది. ఆమెకు అంతా వినబడుతోందని ఆ గదిలో అందరికంటే ముందు తెలిసింది నాకే.

"లెక్కపెట్టలేదు సార్" అన్నాను. "ఊరికే రాసిన. ఇరవై అబద్ధం. వచ్చినప్పుడే గిట్లనే ఉండొచ్చు సార్, నేను సూడలే."

డాక్టరుగారు చార్టు మంచం మీద పడేసి ఆమె రెప్పలు ఎత్తి టార్చి వేశారు. సిస్టరు యారాలిని అడిగింది. "రాత్రి ఎక్కడ పడుకున్నారమ్మా?"

"ఇంటికి పోలె మేడం. పటేలోల్ల కొట్టంల, గడ్డి పక్కన, కిందనే సాప ఏసుకొని వడుకున్నం."

"కట్లపాము" అన్నారు డాక్టరుగారు, సిస్టరు ఇద్దరూ ఒకేసారి. కరిచినా నొప్పి ఉండదు, గాటు కనబడదు, వాపు రాదు. పడుకున్న మనిషికి తెలియను కూడా తెలియదు. పొద్దున కడుపునొప్పితో లేచి, తరవాత రెప్పలు వాలతాయి. పుస్తకంలో నేను చదివిందే, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నదే! కల్లు వాసనకు ఆ పేజీ ఎగిరిపోయింది.

విరుగుడు మందు సెలైన్‌లో కలిపి ఎక్కించారు. అది లోపలికి పోతుండగానే ఆమె ఊపిరి నీరసించిపోయింది, పెదవులు నల్లబడ్డాయి. డాక్టరుగారు గొంతులోకి గొట్టం వేశారు. ఊపిరి మిషను పక్క గదిలోంచి తెచ్చి సిద్ధం చేసేదాకా రబ్బరు సంచి నొక్కుతూ గాలి పంపాలి. సిస్టరు ఆ సంచి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నా చేతుల్లోనే!

"నొక్కు. లెక్కపెట్టుకుంటూ నొక్కు. ఛాతీ లేస్తోందా లేదా చూసుకో."

నొక్కాను. పైకే లెక్కపెట్టాను. నొక్కితే ఛాతీ లేచింది, వదిలితే దిగింది. అబ్బ, ఆ లేవడం! ఒక్క నొక్కు తప్పినా ఒక ఊపిరి తప్పినట్టే. పెదవుల నలుపు మెల్లగా విడిచింది. పదిహేను నిమిషాలో ఎంతో, మిషను వచ్చేసరికి నా అరచేతులు పట్టేశాయి, గొంతు బొంగురుపోయింది. ఒక్క అంకె కూడా ఎగరగొట్టలేదు. అంత భయంలోనూ నాకు సంతోషం ఉరకలు వేసింది. ఆలోచించడమంటే ఇదా! ఇంత బాగుంటుందా! మూడేళ్ళు ఎందుకు దీనికి ముఖం చాటేశానో!

మధ్యాహ్నం సిస్టరు ఆ చార్టు నా ముందు పెట్టింది. నా ఏడుపు అప్పటికి సగమైంది.

"సిస్టర్, ఇది చింపేసి కొత్తది రాస్త" అన్నాను.

"చింపకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టు, కింది అంకె కనబడాలి. పక్కన లెక్కపెట్టలేదని రాసి సంతకం పెట్టు."

గీత కొట్టి, రాసి, సంతకం పెట్టాను. "నన్ను ఇంటికి పంపిస్తరా సిస్టర్?"

"పంపిస్తే ఇంకో దవాఖానకు పోయి ఇరవై రాస్తావు. ఇక్కడే పడుండు, నా కళ్ళ ముందు" అంది. స్కూలుకు మాత్రం ఆమే చెప్పింది, దాచలేదు. అక్కడ నాకు బాగానే అక్షింతలు పడ్డాయి. అమ్మకు ఫోనులో నేనే చెప్పాను. "గడియారం నడుస్తుందా?" అని మాత్రం అడిగింది. నడుస్తోందన్నాను. "మరి సూడు" అని పెట్టేసింది.

మూడో రోజుకు ఆమె రెప్పలు లేచాయి. గొట్టం తీశారు. వారం తిరిగేసరికి లేచి కూర్చుని, ఇడ్లీ వద్దు, పచ్చిపులుసు పోసి బువ్వ పెట్టమని యారాలితో పోట్లాడుతోంది! ఇంటికి పోయే రోజు పొద్దున నేను ట్రే పట్టుకుని వెళ్ళాను.

"నువ్వేనట గద బిడ్డా నా పానం వట్టుకున్నది. మా యారాలు సెప్పింది" అంది, ఇంకా సరిగ్గా రాని గొంతుతో.

నాకు ఆగలేదు. "అమ్మా, ముందుగాల నేను నీ ఊపిరి లెక్కవెట్టలే. ఉత్తగనే రాసిన. గందుకే ఆలస్యమైంది."

"ఇన్న. నాకు అన్నీ ఇనవడ్డయ్" అంది. నేను తల దించుకున్నాను. ఆమె తన చేతివేళ్ళు చూసుకుంది. "నాట్లల్ల గూడ బిరబిర వొయ్యేటోళ్ళు నడుమ జాగ ఇడిసిపెడ్తరు. నాగ్గూడ ఆ బుద్ధి ఉండె. తెలిసినాక ఎన్కకు వొయ్యి నాటాలె. నువ్వు ఎన్కకు వొచ్చినవ్ గద." మణికట్టు నా ముందుకు చాపింది. "ఏదీ, ఇప్పుడు లెక్కవెట్టు. నేను సూస్త."

లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మారుతుంది. ఆమె కూడా ఫోటో దిగుతున్నట్టు బిగుసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చింది. నేను నాడి పట్టుకుని ఊరుకున్నాను. బయట వాన మొదలైంది. ఆమె చూపు కిటికీ వైపు పోయింది, ముఠా ఇవాళ ఎవరి మడిలో ఉందో అనుకుంటోందేమో. ఊపిరి తన దారిన పడింది. అప్పుడు ఎర్ర ముల్లు చూసి మొదలుపెట్టాను.

నిమిషం అయింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అనుమానం వచ్చి ఇంకో నిమిషం లెక్కపెట్టాను. మళ్ళీ అదే. చార్టులో రాశాను.

నా భుజం మీదుగా సిస్టరు తొంగి చూసింది. కళ్ళజోడు సర్దుకుంది. "ఇరవయ్యా?"

"ఒట్టు సిస్టర్! రెండుసార్లు లెక్కవెట్టిన!"

"నిజమే మేడం" అంది మంచం మీద ఆమె. "నేను సూసిన."